మూడు వార్డుల నగరము

ఎన్నికలనగానే మనకు ముందుగా స్ఫురించునవి ఓటు, అభ్యర్థి, ఓట్ల లెక్కింపు. ఓటును రహస్యముగా వేయనిచ్చిరా, ఓట్లను భద్రముగా కాపాడిరా, లెక్కను సరిగా కట్టిరా అని ఇంతవరకు విచారించి, అంతయు సవ్యముగా నున్నచో ఎన్నిక న్యాయముగానే జరిగినదని తృప్తి పడుదుము. కాని వీనికన్నిటికిని ముందు జరుగు పని యొకటి కలదు. ఊరి పటమును బల్లమీద పరచి, ఈ వీథి ఈ వార్డున చేరవలెను, ఆ పేట ఆ వార్డున చేరవలెను అని ఎవరో గీతలు గీయుదురు. ఆ సమయమున జనులు గుమిగూడరు, ఉపన్యాసము లుండవు. పత్రికలో నొక మూల చిన్న ప్రకటన మాత్రము వెలువడును. అయినను పిదప జరుగు ఎన్నికల ఫలితము చాలవరకు ఆ గీతలలోనే నిర్ణయమైపోవచ్చును.

ఇది అతిశయోక్తి కాదని చూపుటకు ఐర్లండు ద్వీపపు ఉత్తర భాగముననున్న డెర్రీ నగరపు చరిత్రను ఇచట వివరింపదలచితిమి. ఆ నగరము పేరే ఒక వివాదము. ఒక వర్గము వారు దానిని లండన్‌డెర్రీ యందురు, మరియొక వర్గము వారు డెర్రీ యందురు. క్లుప్తత కొరకు మేము రెండవ పేరును వాడుచున్నాము.

ఫాయిల్ నది పడమటి గట్టున ఒక మిట్టమీద పాత నగరము కలదు. పదునేడవ శతాబ్దపు ఆరంభమున ఇంగ్లండు, స్కాట్లండుల నుండి ప్రొటెస్టెంటు కుటుంబములను రప్పించి ఉత్తర ఐర్లండులో స్థిరపరచిరి. ఆ కార్యములో డెర్రీ ప్రాంతము లండను నగరపు వర్తక సంఘముల వంతునకు వచ్చెను. 1613లో వెలువడిన రాజపత్రముతో లండను పేరు నగరము పేరున చేరెను. ఆ సంవత్సరమే ప్రారంభమైన రాతి ప్రాకారము ఆరేడేండ్లలో పూర్తియయ్యెను. 1689లో రెండవ జేమ్సు పక్షపు సేనలు ఈ నగరమును ముట్టడింపగా, లోపలివారు ఆకలికిని రోగములకును ఓర్చి 105 దినములు ద్వారములు తెరువకుండిరి. ప్రొటెస్టెంటు ప్రజలకు ఆ ముట్టడి కేవలము గతచరిత్ర కాదు, ఏటేట ఊరేగింపులతో స్మరించుకొను ఆత్మగౌరవ చిహ్నము. డెర్రీ తమ చేతినుండి జారిపోరాదను పట్టుదలకు మూలమిచట నున్నది.

ప్రాకారమునకు వెలుపల, పల్లపు చిత్తడి నేలలో, బాగ్‌సైడ్ అను పేట వెలసెను. పందొమ్మిదవ శతాబ్దములో డెర్రీ చొక్కాల మిల్లులకు ప్రసిద్ధి కెక్కగా, పొరుగుననున్న డోనెగాల్ పల్లెలనుండి కాథలిక్కు కుటుంబములు పనులకై వచ్చి ఈ పేటలో చేరిరి. ఆ శతాబ్దము ముగియకముందే నగరములో వారి సంఖ్య ప్రొటెస్టెంటుల సంఖ్యను మించెను. ప్రొటెస్టెంటులలో అత్యధికులు బ్రిటనుతో ఐక్యతను కోరు యూనియనిస్టులు. కాథలిక్కులలో అత్యధికులు ఐర్లండు ఏకము కావలెనను నేషనలిస్టులు. ఓటు ఇంచుమించుగా మతము ననుసరించియే పడుచుండెను. కావున ఏ వీథిలో ఎవరు నివసించుచున్నారో తెలిసినచో ఏ ఓటు ఎటు పడునో ముందుగనే చెప్పవచ్చును. పటముమీద గీతలు గీయువారికి ఇంతకంటె సులభమైన నగరము దొరకదు.

సంఖ్యలో అధికులైనను నగరపాలనము వారి చేతికి వచ్చినది 1920లో మాత్రమే. ఆ సంవత్సరమున ఐర్లండు అంతటను పురపాలక ఎన్నికలు దామాషా ప్రాతినిధ్య పద్ధతిని జరిగెను. ఓటరు అభ్యర్థులను ఒకటి, రెండు, మూడు అని తన ప్రాధాన్య క్రమమున గుర్తించును. మొదటి ప్రాధాన్యము పొందినవాడు అవసరమునకు మించిన ఓట్లతో గెలిచినను, గెలువక తొలగిపోయినను, ఆ ఓటు తరువాతి పేరునకు బదిలీ యగును. మన రాష్ట్రపతి ఎన్నికకును, రాజ్యసభకు రాష్ట్ర శాసనసభలనుండి జరుగు ఎన్నికలకును మన రాజ్యాంగము స్వీకరించినది ఈ పద్ధతినే. ఇట్టి పద్ధతిలో వార్డు గీతల ప్రభావము మిక్కిలి తగ్గిపోవును. డెర్రీలో నేషనలిస్టులకు స్వల్పాధిక్యము లభింపగా, హ్యూ ఓడోహర్టీ మేయరయ్యెను. పదునేడవ శతాబ్దము తరువాత ఆ పదవి నధిష్ఠించిన మొదటి కాథలిక్కు ఆయనయే.

ఆ స్థితి మూడేండ్లే నిలిచెను. 1921లో ఐర్లండు రెండై, ఉత్తరమున ఆరు కౌంటీలకు ప్రత్యేక శాసనసభ ఏర్పడెను. అందు యూనియనిస్టులదే ఆధిక్యము. వారు 1922లో చేసిన మొదటి ముఖ్యమైన చట్టములలో ఒకటి పురపాలక ఎన్నికలలో దామాషా పద్ధతిని రద్దు చేయుట. లండను ప్రభుత్వము సంశయించి రాజామోదమును రెండు మాసములు నిలిపియుంచెను గాని, తుదకు ఒసగెను. వెంటనే వార్డుల పునర్విభజనకై జాన్ లీచ్ అను న్యాయవేత్త విచారణాధికారిగా నియమితుడయ్యెను. పెక్కుచోట్ల నేషనలిస్టులు ఆ విచారణలను బహిష్కరించిరి. స్థానిక యూనియనిస్టు సంఘములు తమ ప్రతిపాదనలను సిద్ధము చేసికొని వచ్చెను. ఒక పక్షమువారు లేని గదిలో రెండవ పక్షమువారి పటమే పటమైనది. 1923 ఎన్నికలతో డెర్రీ నగరపాలక సంస్థ మరల యూనియనిస్టుల పరమయ్యెను.

అయినను జనసంఖ్య ఆగదు కదా. కాథలిక్కుల సంఖ్య ఇంకను పెరుగుచుండగా ఉన్న గీతలు చాలవను భయము కలిగెను. 1936లో నగరమును మూడు వార్డులుగా పునర్విభజించిరి. దక్షిణ వార్డునకు ఎనిమిది స్థానములు, ఉత్తర వార్డునకు ఎనిమిది, నదికి ఆవలి గట్టుననున్న వాటర్‌సైడ్ వార్డునకు నాలుగు, మొత్తము ఇరువది స్థానములు. ఈ మూడు గీతలు ముప్పది యేండ్లకు పైగా నిలిచెను.

అవి ఎట్లు పనిచేసినవో తెలిసికొనుటకు 1967 నాటి అంకెలు మనకు లభించుచున్నవి. పిదప నియమితమైన కామెరాన్ విచారణ సంఘము తన నివేదికలో వీనిని ప్రకటించెను. దక్షిణ వార్డులో కాథలిక్కు ఓటర్లు 10,047, ఇతరులు 1,138. ఇచటి ఎనిమిది స్థానములును యూనియనిస్టేతరులవి. ఉత్తర వార్డులో కాథలిక్కులు 2,530, ఇతరులు 3,946. ఎనిమిది స్థానములును యూనియనిస్టులవి. వాటర్‌సైడ్‌లో కాథలిక్కులు 1,852, ఇతరులు 3,697. నాలుగు స్థానములును యూనియనిస్టులవి. నగరము మొత్తముమీద కాథలిక్కు ఓటర్లు 14,429, ఇతరులు 8,781. నూటికి అరువది ఇద్దరుగా నున్నవారికి ఎనిమిది స్థానములు, ముప్పది ఎనిమిదిమందిగా నున్నవారికి పండ్రెండు.

ఈ లెక్కలో రెండు ఉపాయములు దాగియున్నవి. మొదటిది, ప్రత్యర్థులను వీలైనంతమందిని ఒకేచోట కుక్కుట. దక్షిణ వార్డులో ఎదుటివారి ఓట్లు 1,138 మాత్రమే కనుక 1,139 ఓట్లతో గెలువదగిన చోట 10,047 ఓట్లు పేరుకొనియుండెను. మిగిలిన వేలకొలది ఓట్లు పెట్టెలో పడినను ఒక్క స్థానమునైనను అదనముగా తేలేవు. రెండవది, మిగిలినవారిని గెలువజాలనంత తక్కువ సంఖ్యలో తక్కిన వార్డులకు పంచుట. ఉత్తర, వాటర్‌సైడ్ వార్డులలోని 4,382 కాథలిక్కు ఓట్లకు ఫలితము సున్న. ఒకచోట ఓటు ఎక్కువై వ్యర్థము, వేరొకచోట తక్కువై వ్యర్థము. ఏ ఓటునూ ఎవరును దొంగిలింపలేదు, లెక్కలో మోసము లేదు.

ఈ విద్యకు ఆంగ్లమున ఒక వింత పేరు కలదు. 1812లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున ఎల్‌బ్రిడ్జ్ జెరీ గవర్నరుగా నున్నప్పుడు ఆయన పక్షమునకు అనుకూలముగా గీసిన ఒక నియోజకవర్గము వంకరలు తిరిగి సాలమాండరు అను బల్లివంటి జంతువును పోలియుండెను. ఒక బోస్టన్ పత్రిక దానికి గోళ్లు, రెక్కలు తగిలించి బొమ్మ ప్రచురించి, జెరీ పేరును సాలమాండరునకు జతచేసి ‘జెరీమాండర్’ అని నామకరణము చేసెను. నాటినుండి ఆ పేరు స్థిరపడెను. కాని ఆకారము వంకరగా నున్నప్పుడే అన్యాయమున్నదని తలచుట పొరపాటు. డెర్రీలో వార్డులు మూడే. వానికి రెక్కలు లేవు, గోళ్లు లేవు.

ఇచట మరియొక ప్రశ్న ఉదయించును. వార్డుల స్థానములను ఓటర్ల సంఖ్య ననుసరించి పంచినచో సరిపోవును గదా! ఉత్తర వార్డులో సుమారు 810 మంది ఓటర్లకు ఒక సభ్యుడు, దక్షిణ వార్డులో సుమారు 1,400 మందికి ఒకడు. ఈ తేడా ప్రత్యక్షముగనే అన్యాయము. దీనిని సరిదిద్దినచో ఏమగునో లెక్క కట్టి చూతము. 23,210 మంది ఓటర్లకు ఇరువది స్థానములనగా సగటున 1,160 మందికి ఒకటి. ఆ లెక్కను దక్షిణ వార్డునకు పది, ఉత్తర వార్డునకు ఐదు, వాటర్‌సైడ్‌నకు ఐదు వచ్చును. ఫలితము పదికి పది. నూటికి అరువది ఇద్దరుగా నున్నవారికి ఈ సంస్కరణ తరువాతను సగమే దక్కును. సంఖ్యలో సమానత్వము అవసరమే గాని అదియొక్కటే చాలదు. గీత ఎచట పోవుచున్నది, దాని కిరువైపుల ఎవరున్నారు అనునది గూడ చూడవలెను.

ఇంతవరకు ఇది ఓట్ల లెక్క. ఇక జీవితములను అది ఎట్లు తాకెనో చూతము. ఆనాడు ఉత్తర ఐర్లండులో పురపాలక ఓటు వయోజనులందరికి లేదు. ఇంటి పన్నుకు బాధ్యుడైన గృహస్థునకును ఆతని భార్యకును మాత్రమే ఓటు. తల్లిదండ్రుల యింట నివసించు పెద్ద పిల్లలకు గాని, ఒక గది అద్దెకు తీసికొనినవారికి గాని లేదు. వ్యాపార సంస్థలకు మాత్రము ఆరు ఓట్లవరకు ఉండవచ్చును. ఇంగ్లండులో 1945లోనే తొలగిన ఈ నిబంధన ఇచట నిలిచియుండెను. ఫలితముగా శాసనసభకు ఓటు వేయువారిలో సుమారు నాలుగింట ఒక వంతునకు పురపాలక ఓటు లేకుండెను. మన దేశమున 1951-52 సాధారణ ఎన్నికలలో చదువు, ఆస్తి అను భేదములేక వయోజనులందరును ఓటు వేసిన విషయము ఇచట గుర్తునకు వచ్చును.

ఇల్లు ఉన్నవారికే ఓటు, ఇండ్లు కట్టి అద్దెకిచ్చునది నగరపాలక సంస్థ. కావున ఒక కుటుంబమునకు ఇల్లు ఇచ్చుటయనగా రెండు ఓట్లు ఇచ్చుట. ఉత్తర వార్డులో యూనియనిస్టుల ఆధిక్యము 1,416 ఓట్లు. ఇంటికి రెండు ఓట్ల చొప్పున, ఏడువందల పైచిలుకు కాథలిక్కు కుటుంబములకు ఆ వార్డులో ఇండ్లు ఇచ్చినచో ఎనిమిది స్థానములును, వానితో నగరపు అధికారమును చేయి మారును. కనుక కాథలిక్కుల కొరకు కట్టిన ఇండ్లు దక్షిణ వార్డులోనే కట్టిరి. అచట నేల చాలకపోగా బాగ్‌సైడ్‌లో రాస్‌విల్ వీథియందు ఎత్తైన అంతస్తుల భవనములు లేచెను. నగరపు ఎల్లలను విస్తరించినచో నేల దొరకును, కాని వార్డుల తూకము చెడును. కాబట్టి విస్తరణకు నగరపాలక సంస్థ ఇష్టపడలేదు. ఇండ్ల కేటాయింపు ఆచరణలో మేయరు చేతిలోనే యుండెనని కామెరాన్ సంఘము కనుగొనెను. పిల్లలతో ఒక్క గదిలో కాపురముండి ఏండ్ల తరబడి ఇంటికై వేచియున్న తల్లికి వార్డు గీత యనునది పటముమీది రేఖ కాదు, తనకు దక్కని ఇల్లు.

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. అధికారమును కాపాడుకొనుటకు గీసిన గీత నగరమునే బంధించెను. ఎల్ల పెరుగదు, ఇండ్లు చాలవు. కాథలిక్కులే గాక, తమవారే పాలించుచున్నారని తృప్తి పడిన పేద ప్రొటెస్టెంటు కుటుంబములును అదే ఇరుకు నగరములో జీవింపవలసి వచ్చెను. గెలుపు ముందే నిశ్చయమైన చోట పాలకులకు ఎవరి మాటయు వినవలసిన అగత్యము కలుగదు.

1968 అక్టోబరు 5న డెర్రీలో పౌరహక్కుల ఊరేగింపు బయలుదేరెను. ఇండ్లు, ఓట్లు, న్యాయమైన వార్డులు వారి కోరికలు. ఊరేగింపును ప్రభుత్వము నిషేధించియుండెను. వాటర్‌సైడ్‌లోని డ్యూక్ వీథిలో పోలీసులు దారి మూసి లాఠీలు ప్రయోగించిరి. ఒక టెలివిజను ఛాయాగ్రాహకుడు తీసిన దృశ్యములు దేశదేశముల వారు చూచిరి. ముప్పది రెండేండ్లుగా లెక్కలలో దాగియున్న విషయము ఒక్క సాయంత్రములో ప్రపంచమునకు తెలిసెను.

ఏడు వారములైనను గడువకముందే, నవంబరు 22న, ప్రధానమంత్రి టెరెన్స్ ఓనీల్ ప్రభుత్వము సంస్కరణలను ప్రకటించెను. డెర్రీ నగరపాలక సంస్థ రద్దయి దాని స్థానమున అభివృద్ధి సంఘమొకటి 1969లో పనిచేయ నారంభించెను. వ్యాపార సంస్థల ఓటు తొలగిపోయెను. వయోజనులందరికి పురపాలక ఓటును ఆనాడు ఒప్పుకొనలేదు, 1969లో ఒప్పుకొనిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో ప్రకటితమైన కామెరాన్ నివేదిక, వార్డుల ఎల్లలను బుద్ధిపూర్వకముగా మలచి అధికారము నిలుపుకొనిరనుట నిజమేయని తేల్చెను. 1971లో ఇండ్ల నిర్మాణము, కేటాయింపు పురపాలక సంఘముల నుండి తొలగించి ప్రత్యేక సంస్థకు అప్పగించిరి.

ఇక గీతల మాట. 1971 చట్టము ననుసరించి ఏ పురపాలక సంఘమునకును చెందని ఎల్లల కమిషనరు ఒకరు ఉత్తర ఐర్లండు నంతటిని 26 జిల్లాలుగాను, వానిని వార్డులుగాను విభజించెను. 1973 మే 30న ఎన్నికలు జరిగెను. ఆనాడు కొన్ని వార్డులను కలిపి పలువురు సభ్యులుగల నియోజకవర్గములుగా చేసి, 1922లో రద్దయిన దామాషా పద్ధతిని మరల ప్రవేశపెట్టిరి. డెర్రీ సభలో స్థానములు 27. ఏ ఒక్క పక్షమునకును పూర్తి ఆధిక్యము రాలేదు. అటు తరువాత మేయరు పదవి ఒక వర్గపు సొత్తుగా గాక ఇరువర్గముల సభ్యులకును దక్కుచు వచ్చినది. పిమ్మట 26 జిల్లాలను 11గా కుదించి 2014లో ఎన్నికలు జరిపిరి. డెర్రీ, స్ట్రాబేన్ ప్రాంతములు ఒకటై 40 మంది సభ్యులుగల సభ ఏర్పడెను. ఎల్లలు మరల మారినవి, కాని వానిని గీసినది ఎన్నికలలో పోటీ చేయువారి చేయి కాదు.

గీతలు సరియైనంత మాత్రమున సమస్తమును సరికాలేదు. 1969 నుండి ముప్పది యేండ్ల కాలము హింస చెలరేగి 3,500 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. 1998 ఒప్పందము వరకు శాంతి కుదురలేదు. ఆ హింసకు వార్డు గీతలే కారణమనుట సరికాదు. దానికి వేళ్లు శతాబ్దముల లోతున కలవు. అయినను ఓటు వేసి ఫలము చూడలేని ఒక తరము వీథులలోనికి వచ్చినదనుటలో సందేహము లేదు. 1936లోనో, కనీసము 1946లోనో లభించినచో సామాన్య సంస్కరణగా తోచునది, 1973లో వచ్చుసరికి పోయిన ప్రాణములకు సమాధానము చెప్పజాలకపోయెను. ఆలస్యముగా వచ్చిన న్యాయమునకు సగము విలువయే.

ఈ చరిత్రనుండి వార్డుల పటమును పరిశీలించుటకు మూడు ప్రశ్నలు లభించుచున్నవి. మొదటిది: గీసినది ఎవరు? ఆ గీతవలన గెలుచువారా, సంబంధము లేనివారా? రెండవది: ఏ నియమము ననుసరించి గీసిరి? ప్రతి సభ్యునకు ఓటర్లు దాదాపు సమానముగా నుండిరా, ఒక పేటవారిని అకారణముగా చీల్చుట గాని, ఒకేచోట కుక్కుట గాని జరిగినదా? మూడవది: కాలము గడచిన కొలది మరల పరిశీలించు ఏర్పాటున్నదా? జనులు కదలుచుందురు, పేటలు పెరుగుచుండును. కదలని గీత ఒకనాడు న్యాయమైనదైనను మరియొకనాడు అన్యాయమగును.

1992లో ఆమోదము పొంది 1993 నుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణముతో మన పట్టణములలోను వార్డునుండి నేరుగా సభ్యుని ఎన్నుకొనుట రాజ్యాంగ విధియైనది. మన ఊళ్లలో వార్డుల పునర్విభజన జరుగునప్పుడు ముసాయిదాను ప్రకటించి, గడువు విధించి, అభ్యంతరములను ఆహ్వానించుదురు. తూర్పున ఫలానా వీథి, పడమర ఫలానా కాలువ, ఉత్తరమున ఫలానా రైలుకట్ట అని సాగు ఆ ప్రకటన చదువుటకు విసుగు పుట్టించును. ఐర్లండులో 1922 నాటి విచారణలకు వెళ్లని వారి పిల్లలు, మనుమలు ఆ గీతల లోపలనే పెరిగి పెద్దవారైరి. మన వీథి పేరు ఏ వార్డులో నున్నదో, పొరుగు వార్డులో ఎంతమంది ఓటర్లున్నారో గడువు లోపల ఒకమారు చూచుకొనుట ఓటు వేయుటవంటి పనియే. చేయవలసినది మాత్రము ఓటు వేయుటకు ముందు.